క్షణమును పట్టు యంత్రము

లోకములో నన్నిటికంటె త్వరగా జాఱిపోవునది క్షణము. ధనము పోయిన మరల నార్జింపవచ్చును. పుస్తకము పోయిన మరల గొనవచ్చును. గడచిన క్షణమును మాత్ర మెవరును వెనుకకు పిలువజాలరు. అట్టి క్షణమును పటమునందు నిలుపవలెనను కోరిక మానవునకు చిరకాలమునుండి కలదు. ఆ కోరికను నేటి కెమెరాలు ఎంతవఱకు తీర్చుచున్నవి, ఎచ్చట తీర్పజాలకున్నవి యను విషయమును, మా పాఠశాలలోని ఫోటో సంఘమువారము ఈ సంవత్సరమున నేర్చుకొన్నంత మట్టుకు, చదువరులకు విన్నవింప దలచితిమి.

మా సంఘము వాడు కెమెరా పూర్వవిద్యార్థి యొకరు దయతో నొసగినది. దాని పేరు నికాన్ డి850. ఈ రకపు కెమెరా 2017వ సంవత్సరమున వెలువడెను. దృశ్యమును ఇది అడ్డముగా 8256, నిలువుగా 5504 చుక్కలుగా విభజించి వ్రాసికొనును. గణితమునం దాసక్తిగల బాలబాలికలు ఈ రెండు సంఖ్యలను గుణించి చూచుకొందురు గాక. 4 కోట్ల 54 లక్షలకు మించిన చుక్కలు వచ్చును. అందుచేతనే దీనిని 45 మెగాపిక్సెలుల కెమెరా యందురు. తగిన లెన్సు బిగించినచో, దూరమున నిలిచిన బాలుని చొక్కా గుండీలను సైతము పటమునందు లెక్కింపవచ్చును. మీట నొక్కి పట్టియుంచిన సెకనునకు 7 ఫోటోలు వరుసగా తీయును. ఇట్లు వరుసగా తీయుటకు బరస్టు అని పేరు. అడుగున అదనపు పట్టును, అందు పెద్ద బ్యాటరీని అమర్చినచో సెకనునకు 9 ఫోటోలు తీయును గాని, ఆ పరికరము మా యొద్ద లేదు.

ఇంత శక్తిగల యంత్రము చేతికి తేలికగా నుండదు. బ్యాటరీతోను మెమొరీ కార్డుతోను కూడ కెమెరా తూకము 1005 గ్రాములు. దానికి మేము తగిలించు 70–200 మిల్లీమీటర్ల లెన్సు మఱి యొక కిలోన్నరకు కొంచెము తక్కువ. రెండును కలిసి దాదాపు రెండున్నర కిలోల బరువు. పట్టు లోతుగా నుండుటచే పెద్దవారి వ్రేళ్ళకు చక్కగా నమరును. తొమ్మిదవ తరగతి పిల్లల వ్రేళ్ళు మీటను అందుకొనుటకు కొంత శ్రమపడవలసి యున్నది. కావున మొదటి రెండు వారములు మేము ఫోటోలు తీయుట మాని, కెమెరాను పట్టుకొనుటయే యభ్యసించితిమి. ఎడమ అరచేతిని లెన్సు క్రిందికి చేర్చవలెను. మోచేతులను ప్రక్కటెముకలకు ఆనించవలెను. ఒక పాదము ముందునకు వేసి నిలువవలెను. ఊపిరిని సగము విడిచి మీటను మెల్లగా నొక్కవలెను. మీటను గ్రుద్దువానికి కెమెరా యదరును. ఆ యదురు పటమునకు దిగును. చుక్కలు తక్కువగా నున్న కెమెరాలో కనబడని వణుకు ఈ కెమెరాలో స్పష్టముగా కనబడును. స్పష్టత గల యంత్రము మన లోపములను గూడ స్పష్టముగనే చూపునని పిల్లలు నవ్వుచు చెప్పుకొనిరి.

పరుగెత్తు వానిని తీయునపుడు మఱియొక జాగ్రత్త కావలెను. 100 మీటర్లను పన్నెండున్నర సెకనులలో పరుగెత్తు బాలుడు సగటున సెకనునకు 8 మీటర్లు పోవుచున్నాడు. షట్టరు సెకనులో 250వ వంతు కాలము తెఱచియున్న, ఆ లోపల నతడు 32 మిల్లీమీటర్లు కదలును, పటము చెదరును. 1000వ వంతు మాత్రమే తెఱచియున్న 8 మిల్లీమీటర్లే కదలును. అపుడు ముఖము తేటగా వచ్చును. ఈ లెక్కను నల్లబల్లమీద వేసి చూచిన పిమ్మట, షట్టరు వేగ మెంత యుంచవలెనో మఱల నెవరికిని చెప్పవలసిన పని లేకపోయెను.

కెమెరాకు ఆకలియు గలదు, అజీర్ణమును గలదు. తీసిన ఫోటో వెంటనే మెమొరీ కార్డును చేరదు. ముందుగా బఫరు అను లోపలి తొట్టిలో నిలిచి, అచ్చటనుండి కార్డునకు ప్రవహించును. మేము వాడు రా పద్ధతిలో ఒక్కొక్క ఫోటో సుమారు 50 మెగాబైట్లుండును. వేగముగల కార్డు ఉన్నను, ఆ తొట్టి యొక విడతలో 51 ఫోటోలకు నిండునని నిర్మాతలు తెలిపియున్నారు. సెకనునకు 7 చొప్పున 7 సెకనులకే నిండునన్నమాట. నిండినంతనే యంత్రము తడబడి, కార్డునకు పంపినంత మేరకే క్రొత్త ఫోటోలు తీయును. కావున పందెము ఆరంభమైనది మొదలు మీట నొక్కి పట్టువాడు చివరి ఘట్టమున వట్టి చేతులతో నిలుచును. ఓపికతో వేచియుండి, పరుగువాండ్రు గీతను సమీపించునపుడు మాత్రమే నొక్కువానికి ఫలము దక్కును. వేగముగల యంత్రమును వాడుటకు నిదానముగల మనస్సు కావలెనని దీనివలన తేటపడుచున్నది.

ఇందు మఱియొక విచిత్రము కలదు. ఈ కెమెరాలో లెన్సు వెనుక నొక అద్దముండి, దృశ్యమును మన కంటికి చేర్చును. ఫోటో తీయు క్షణమున ఆ అద్దము పైకి లేచును. అప్పుడు చూపుగవాక్షము చీకటియగును. అనగా పటమునందు నిలుచు క్షణమును, దానిని తీయువాడు చూడనే చూడడు. మిగిలిన వారందఱును చూచినదానిని అతడు తరువాత పటమునందే చూడవలెను.

వరుసగా ఫోటోలు తీయు విద్య క్రొత్తది కాదు. 1878వ సంవత్సరము జూను మాసమున అమెరికాలోని కాలిఫోర్నియాయందు, పాలో ఆల్టో వద్ద, లీలండ్ స్టాన్‌ఫర్డ్ గారి అశ్వశాలలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అను ఛాయాగ్రాహకుడు పరుగుబాట ప్రక్కన 12 కెమెరాలను వరుసగా నిలిపెను. బాట కడ్డముగా కట్టిన దారములను గుఱ్ఱము తెంపుకొని పోవుచుండగా ఒక్కొక్క కెమెరాయే పనిచేసెను. గుఱ్ఱము నాలుగు కాళ్ళను ఒకేసారి నేలనుండి యెత్తునా యను వివాదము అప్పటితో తీరెను. ఎత్తును, అయితే చిత్రకారులు వ్రాసినట్లు కాళ్ళు ముందు వెనుకలకు చాచినపుడు గాక, పొట్ట క్రిందికి ముడిచినపుడు ఎత్తును. తరువాత 1882లో ఫ్రాన్సు దేశీయుడైన ఎటియెన్ జూల్ మారే తుపాకి యాకారముగల యొక కెమెరాను నిర్మించి, ఎగురు పక్షులను సెకనునకు 12 పటముల చొప్పున తీసెను. మా కెమెరా వేగము 7 మాత్రమే గదా యని చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. స్పష్టతలో నీ రెంటికి పోలికయే లేదు.

మైబ్రిడ్జ్ ఫోటోలు ఒక వివాదమును తీర్చినవి. ఫోటో లన్నియు నట్లే తీర్పునా? ఈ ప్రశ్న మా పాఠశాల క్రీడోత్సవమున మా యెదుట నిలిచెను. పెద్ద బాలుర 100 మీటర్ల తుది పందెమున ఎఱ్ఱ జట్టు బాలుడును నీలి జట్టు బాలుడును భుజము భుజము రాచుకొనునట్లు గీతను దాటిరి. న్యాయనిర్ణేతలు ఎఱ్ఱ జట్టునకు మొదటి స్థానమిచ్చిరి. ఆ యేటి కప్పు ఏ జట్టునకు చెందవలెనో ఆ యొక్క పందెముమీదనే యాధారపడి యుండెను. నీలి జట్టు బాలుని తండ్రిగారు తమ కుమారుడే ముందున్నాడని గట్టిగా వాదించిరి. అంతట నెవరో, “ఫోటో సంఘమువారి కెమెరా యున్నది గదా, దానినే యడుగుదము” అనిరి. సభయంతయు మావైపు తిరిగెను.

కెమెరాను పట్టినది మా సంఘములోని తొమ్మిదవ తరగతి బాలిక. ఆమె పందెము చివరి రెండు సెకనులలో 14 ఫోటోలు తీసియుండెను. వానిలో గీతకు సమీపమైనవి రెండే. మొదటి దానిలో ఇద్దఱును గీత కీవల నరమీటరు దూరమున నున్నారు. ఎఱ్ఱ జట్టు బాలుని ఱొమ్ము వెండ్రుకవాసి ముందున్నది. రెండవ దానిలో ఇద్దఱును గీతను దాటియున్నారు. నీలి జట్టు బాలుడు కొంచెము ముందున్నాడు. చొక్కా కుట్లు కనబడుచున్నవి. చెమట బిందువులు కనబడుచున్నవి. గీతను తాకిన క్షణము మాత్రము కనబడుట లేదు. అది రెండు ఫోటోల నడుమ జాఱిపోయినది.

కారణము సులభము. సెకనునకు 8 మీటర్లు పోవు బాలుడు ఒక ఫోటోకును మఱియొక ఫోటోకును నడుమ 1 మీటరు 14 సెంటీమీటర్లు పోవుచున్నాడు. వారిరువురికి గల భేదము బెత్తెడైనను లేదు. మీటరు కఱ్ఱతో బెత్తెడును కొలువవచ్చునా? అదియునుగాక, కెమెరా గీతకు సరిగా సూటిగా లేనిచో, దగ్గఱి బాటవాడు ముందున్నట్లో వెనుకబడినట్లో తోచును. అది కంటికి గలుగు భ్రమయే.

తండ్రిగారు రెండవ ఫోటోను చూచి సంతోషించి, “అమ్మాయీ, ఈ యొక్కటి మాకిమ్ము, చాలును” అనిరి. ఆ బాలిక వినయముతోనే, “అయ్యగారూ, రెండును గలిపి తీసికొనుడు. ఒక్కటియే యైన అది అబద్ధము చెప్పును” అనెను. ఆయన కొంతసేపు రెండు పటములను మార్చి మార్చి చూచిరి. తుదకు న్యాయనిర్ణేతల తీర్పే నిలిచెను. కప్పు ఎఱ్ఱ జట్టునకు పోయెను. రెండు ఫోటోలును ప్రక్కప్రక్కన అచ్చువేయించి ఇరువురు బాలురకును ఇచ్చితిమి. ఆ దినమున మా సంఘము తీసిన ఫోటోలన్నిటికంటె ఆ బాలిక పలికిన మాటయే మాకు మిక్కిలి గర్వకారణము.

ఇట్టి తగవులను తీర్చుటకు వేఱొక విధమైన కెమెరా యున్నది. దానికి సన్నని చీలికయే కన్ను. అది గీతను మాత్రమే చూచుచుండును. మన కెమెరా ఒక క్షణమునందలి అనేక స్థలములను చూపును. ఆ కెమెరా ఒక స్థలమునందలి అనేక క్షణములను చూపును. 1948లో లండను ఒలింపిక్ క్రీడలయందు 100 మీటర్ల పందెమున బార్నీ యూయెల్ తానే గెలిచితినని సంతోషముతో గంతులు వేసెను. ఫోటోను చూడగా హారిసన్ డిల్లర్డ్ ముందుండెను. 2024లో పారిసు ఒలింపిక్ క్రీడలయందు అదే పందెమున నోవా లైల్స్ 9.784 సెకనులకును, కిషేన్ థాంప్సన్ 9.789 సెకనులకును గీతను చేరిరి. భేదము సెకనులో 1000వ వంతులు అయిదు. నిర్ణయించునది తలయో చేయియో పాదమో కాదు. మొండెము గీతను చేరిన క్షణమే.

అయిన మా బరస్టు కెమెరాకంటె వేగమైనది తెచ్చుకొన్న చాలునని కొందఱనవచ్చును. 2023లో సోనీ సంస్థ ప్రకటించిన ఆల్ఫా 9 మూడవ తరము కెమెరా సెకనునకు 120 ఫోటోలు తీయగలదు. కాని దాని స్పష్టత 24 మెగాపిక్సెలులు మాత్రమే. దానితో తీసినను మా బాలుడు రెండు ఫోటోల నడుమ ఆఱున్నర సెంటీమీటర్లకు పైగా పోవును. పారిసు పందెపు భేద మంతకంటె తక్కువ. నడిమి సందు ఇఱుకగునే గాని మాసిపోదు.

బాలబాలికలారా, నేడు ప్రతి యింటను ఫోనున్నది. ప్రతి ఫోనునందును కెమెరా యున్నది. దినమునకు ఎన్నియో ఫోటోలు మీ కండ్ల ముందునకు వచ్చుచున్నవి. వానిని చూచి ఒకరిని మెచ్చుచున్నారు, మఱియొకరిని నిందించుచున్నారు. ఎంత స్పష్టమైన ఫోటో యైనను తన క్షణమును మాత్రమే యెఱుగును. తన ముందేమి జరిగెనో, తరువాత నేమి జరిగెనో యెఱుగదు. కావున ఫోటో చూచినపుడు, దీని ముందరిది యేది, దీని తరువాతిది యేది యని యడుగుడు. ఫోటో చూపువారైన, చూపదగినవన్నియు చూపుడు. తల్లిదండ్రులును పిల్లలకు కెమెరా కొనియిచ్చునపుడు ఈ యొక్క యలవాటును గూడ తోడుగా నిచ్చినచో, ఆ యంత్రము వారి చేతిలో విద్యకు సాధనమగును.