మంచునేలపై వేటగాని జోళ్ళు

కెనడా దేశమందలి టొరంటో నగరమున చెప్పులకును జోళ్ళకును ప్రత్యేకముగా నొక వస్తుప్రదర్శనశాల కలదని చెప్పిన మన యాడువారు నవ్వుదురు. గుమ్మము వెలుపల విడువవలసిన వస్తువునకు అద్దాల బీరువాలా యని యడుగుదురు. కాని యది నిజము. బ్లూర్ వీథిలో సెయింట్ జార్జి స్టేషనునకు సమీపమున, మూత కొంచెము ప్రక్కకు జరిగిన జోళ్ళ పెట్టెవలె కనబడు కట్టడ మొకటి కలదు. రేమండ్ మొరియామా యను వాస్తుశిల్పి దానికి రూపమిచ్చెను. 1995వ సంవత్సరమున దానిని తెరచిరి. స్థాపించినది సోన్యా బాటా యను స్త్రీ. బాటా యను పేరు మనకు క్రొత్తది కాదు. కలకత్తా చేరువనున్న బాటానగరపు జోళ్ళు మన యిండ్లలో ఎన్ని తరముల వారు తొడుగలేదు! ఆ కుటుంబపు కోడలే యీమె.

మా పెద్దమ్మాయి కాపురము టొరంటోలో నుండుటచే మేము అక్కడికి పోయినప్పుడు ఆ ప్రదర్శనశాలను చూచు అవకాశము కలిగెను. అందు అనేక దేశముల పాదరక్షలు, అనేక కాలములవి కలవు. వానిలో మమ్ము ఎక్కువసేపు నిలువబెట్టినవి పట్టుజోళ్ళు కావు, జరీజోళ్ళు కావు. ఉత్తరధ్రువ ప్రాంతమున వేటగాండ్రు తొడుగు తోలుబూట్లు. వానిపై మెఱుగు లేదు, ఇనుపమేకు ఒక్కటియు లేదు. అయినను వానిని చూచుకొలది వేటకు మంచిబూటు ఎట్లుండవలెనో ఒక పాఠము చదివినట్లయ్యెను. ఆ పాఠము చెప్పినవారు వేటగాండ్రు కారు, వారి యిల్లాండ్రు.

వీరిని మన చిన్ననాటి పాఠపుస్తకములలో ఎస్కిమోలని వ్రాసెడివారు. ఆ పేరు వారికి సమ్మతము కాదు. వారు తమ్ము ఇన్యూట్‌లని చెప్పుకొందురు. కెనడాలో వారికి నూనవుట్ అను ప్రత్యేకమైన పాలనాప్రాంతము 1999 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడినది. దాని వైశాల్యము ఇంచుమించు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. జనులో, 2021 జనగణన ప్రకారము 36,858 మంది మాత్రమే. ఒక యూరినుండి మఱియొక యూరికి రోడ్డు లేదు. ముఖ్యపట్టణమైన ఇకాలుయిట్‌లో శీతకాలమున సున్నకు క్రింద 30 డిగ్రీల వరకు చలి దిగుట సామాన్యము. అక్కడ వరి పండదు, చెట్టు పెరుగదు. సీలు అను జలజంతువును, కారిబూ యను దుప్పిజాతి మృగమును, చేపలను పట్టుకొనియే ఆ జనులు తరతరములుగా బ్రదికిరి.

అట్టి నేలపై బయలుదేరు వేటగాని బూటునకు నాలుగు పరీక్షలు కలవు. మొదటిది, లోపలికి తడి రాకూడదు. రెండవది, వెచ్చదనము పోకూడదు. మూడవది, అడుగు చప్పుడు కాకూడదు. నాలుగవది, కాలు జాఱకూడదు. ఈ నాలుగింటిలో ఏది తప్పినను వేట తప్పును. మొదటి రెండు తప్పినచో కాలివ్రేళ్ళే పోవును. చలికి రక్తము ఆడక వ్రేళ్ళు మొద్దుబాఱి నల్లబడి రాలిపోవుట ఆ దేశమున కథ కాదు. ఇంటికి నడచి రాలేని వేటగాడు ప్రాణముతో రాలేడు.

ఈ నాలుగు పరీక్షలకును ఒక్క బూటు చాలదు. కావుననే ఇన్యూట్ స్త్రీలు ఋతువును బట్టి తోలు నెన్నుకొందురు. మంచు పొడిగా గట్టిగా నుండు నడిశీతకాలమున కారిబూ కాలితోలు తగినది. దాని వెండ్రుకలు గాలిని పట్టియుంచి వేడిని కాపాడును. వసంతమున మంచు కరగి నేల చిత్తడియైనప్పుడు ఆ వెండ్రుకలే నీరు పీల్చి చేటు చేయును. అప్పుడు వెండ్రుక తీసివేసిన సీలుతోలు కావలెను. పైభాగమునకు చిన్నజాతి సీలు యొక్క మెత్తని తోలు, అడుగునకు పెద్దజాతి గడ్డపుసీలు యొక్క దళసరి తోలు. ఒకే బూటులో రెండు తోళ్ళు రెండు పనులకు! వీనిని కామిక్ అందురు. లోపల వేఱుగా బొచ్చుతోలు మేజోడు ఉండును. బొచ్చు కాలివైపునకు తిరిగియుండును. ఇటీవలి కాలమున దళసరి ఉన్నిబట్టతో కుట్టిన మేజోళ్ళును వాడుచున్నారు. పొరపై పొర యుండుటచే నడుమ గాలి నిలుచును. చెమట పట్టినప్పుడు లోపలి పొరను విప్పి ఆరబెట్టవచ్చును.

మన పల్లెలలో కిఱ్ఱుచెప్పులన్న ఒక ఠీవి. చెప్పు కిఱ్ఱుమన్నగాని తొడిగినవానికి తృప్తి యుండదు. ఇన్యూట్ వేటగానికి ఆ చప్పుడే శత్రువు. సీలు ఊపిరి తీసికొనుటకు గడ్డకట్టిన సముద్రమున రంధ్రములు చేసి యుంచుకొనును. ఆ రంధ్రముకడ వేటగాడు గంటలకొలది కదలక నిలువవలెను. పైన అడుగు చప్పుడైన క్రింద నీటిలో వినబడును. మెత్తని తోలు అడుగు గల బూటు చప్పుడు చేయదు. అదియు చాలదని బొచ్చుతోలు ముక్కను క్రింద పఱచుకొని దానిపై నిలుచుట పూర్వపు అలవాటు. నున్నని గడ్డపై జాఱకుండ అడుగుభాగమున తోలుపట్టీలు అడ్డముగా కుట్టుటయు కలదు.

ఇక కుట్టు సంగతి. సూదితో పనియున్న సోదరీమణులకు ఇది ముఖ్యముగా చెప్పవలెను. సూది గ్రుచ్చిన చోటెల్ల రంధ్రమగును గదా. రంధ్రమైన నీరు రాదా? దీనికి వారు కనిపెట్టిన యుపాయము మిక్కిలి సున్నితమైనది. రెండు తోళ్ళను చేర్చి కుట్టునపుడు సూదిని తోలు మందములో సగమువరకే పోనిచ్చి వెలికి తీయుదురు. ఆవలి ప్రక్కకు పొడువరు. పిమ్మట మడిచి రెండవ వరుస కుట్టుదురు. దారము నూలుది కాదు. కారిబూ వీపునుండి, లేదా తిమింగిలజాతి జంతువులనుండి తీసిన నరము. అది తడిసినప్పుడు ఉబ్బి సూదిరంధ్రమును తానే పూడ్చును. పూర్వము కొలతకు కాగితపు నమూనాలు లేవు. చేతివ్రేళ్ళే కొలబద్దలు, కన్నే త్రాసు. తోలు కోయుటకు, గీకుటకు అర్ధచంద్రాకారపు కత్తి యొకటి కలదు. దాని పేరు ఊలూ. అది స్త్రీల సొత్తు. మునివ్రేళ్ళకడ, మడమకడ దళసరి తోలును సన్నని కుచ్చిళ్ళుగా మడచుటకు పండ్లతో నొక్కుదురు. గట్టిబడిన తోలును నమలి మెత్తబఱతురు. పూర్వము ముసలియవ్వల పండ్లు చిగుళ్ళదాక అరిగిపోవుట కిదియే కారణము.

కుట్టి యిచ్చుటతో పని తీరదు. పూర్వము మగడు వేటనుండి రాగానే బూట్లు విప్పి, దులిపి, సీలుకొవ్వుతో వెలుగు రాతిదీపము పైని దండెమున ఆరబెట్టవలసియుండెను. మంట దగ్గఱైన తోలు పెళుసై పగులును. దూరమైన తెల్లవాఱుసరికి ఆరదు. ఉదయము మరల తోమి, మెత్తజేసి, కుట్లు చూచి యియ్యవలసియుండెను. సంవత్సరము పొడుగున ఈ పని తప్పెడిది కాదు. ఆ ఇంట వేటగాడెంత నేర్పరియైనను, ఇల్లాలి కుట్టు వదులైన నాడు వాని నేర్పు మంచుపాలే. ఆడపిల్లలు తల్లిప్రక్కన కూర్చుండి తోలుముక్కలపై కుట్టు నేర్చుకొందురు. జిల్ ఓక్స్, రిక్ రీవ్ అను పరిశోధకులు ఈ కళనుగూర్చి గ్రంథము వ్రాసి, ఇది ఇన్యూట్ స్త్రీల కళయని దాని పేరులోనే తెలిపిరి.

మాతో వచ్చిన మా వదినగారు శాకాహారి. ఆమె చాలసేపు మౌనముగా చూచి, మా అమ్మాయితో, “ఏమే అమ్మడూ, ప్రాణిని చంపి కుట్టిన జోళ్ళను ఇంతగా మెచ్చుకొనవలెనా?” అనెను. అమ్మాయి, “అత్తయ్యా, ఆ నేలమీద తోటకూర మొలవదు. వారు మాంసము తిందురు, తోలు తొడుగుదురు, కొవ్వుతో దీపము పెట్టుకొనెడివారు, ఏదియు పాఱవేయరు,” అని చెప్పెను. వదినగారు, “అయినను నా మనసు ఒప్పదు. కాని ఆ కుట్టునకు మాత్రము దండము పెట్టుదును,” అనెను. ఇద్దఱి మాటలోను న్యాయము కలదు. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ శాసనము వేటను నిషేధించినది. అది మనకు మేలే. కాని ఒక నేల ధర్మమును వేఱొక నేలపై రుద్దిన కలుగు కష్టమును గూడ తెలిసికొనవలెను. 1983లో ఐరోపా దేశములు సీలుపిల్లల తోళ్ళను రాకుండ నాపినవి. ఇన్యూట్‌లు వేటాడునవి ఆ పిల్లలు కావు. అయినను సీలుతోలు పేరే చెడి, దాని ధర పడిపోయెను. 2009 నిషేధమున ఇన్యూట్‌లకు మినహాయింపు వ్రాసినను వారి తోళ్ళకు పూర్వపు గిరాకి మరల రాలేదు. తోలు అమ్మి సరుకు కొనుక్కొను ఇండ్లలో ఆ లోటు పడినది వంటకుండపైననే. 2016లో ఒక ఇన్యూట్ స్త్రీయే ఈ కష్టమును చలనచిత్రముగా తీసి లోకమునకు చూపెను.

నేడు నూనవుట్‌లోను అంగడిబూట్లు, రబ్బరుబూట్లు వాడుకలో నున్నవి. అయినను కామిక్ కుట్టు స్త్రీలు ఇంకను కలరు.

చలిదేశములలో బిడ్డలు కాపురమున్న తల్లులకు ఈ యవ్వల పాఠము ఇప్పటికిని పనికివచ్చును. బూట్లు కొనునపుడు వెల చూడకముందు నేల చూడవలెను: పొడిమంచా, కరగు చిత్తడియా? లోపలి ఉన్నిపొర విడిగా వచ్చునది మేలు. రాత్రి తీసి ఆరబెట్టవచ్చును. పాదములు సాయంత్రమునకు కొంత ఉబ్బును గనుక ఆ వేళ తొడిగి చూడవలెను. తొడుగబోవు ఉన్నిమేజోడు తోనే తొడిగి చూడవలెను. నూలుమేజోడు తడిని పట్టియుంచును. లోపల వ్రేళ్ళు కదలవలెను. బిగుతైన బూటు ఎంత దళసరియైనను రక్తము నాపి చలిని పిలుచును. తడిసిన తోలును పొయ్యికడ పెట్టరాదు. లోపల కాగితములు కుక్కి నీడన ఆరనీయవలెను. దూరప్రయాణమునకు ముందు కొన్ని దినములు ఇంటిచుట్టు తొడిగి తిరుగవలెను.

అంగడివాడు బూటు అమ్మును. నడచువారి కాలు వానికి తెలియదు. మంచునేల యిల్లాలికి అది తెలియును. తాను కుట్టిన జోడు ఏ నేలపై, ఏ ఋతువున, ఎవరి ప్రాణమును మోయునో ఎఱిగి ఆమె సూది పట్టును. మన యింటివారికి పాదరక్షలు ఎన్నుకొనునపుడు ఆ శ్రద్ధలో కొంతయైన మనకు కలిగిన చాలును.