సత్యానికి గడువు

మన విమర్శకులకు హాస్యమంటే చిన్నచూపు. సినిమా హాస్యమంటే అసలు చూపే లేదు. అభ్యుదయ దృష్టితో తెలుగు సినిమా గురించి ఎవరు మాట్లాడినా ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939), ‘రోజులు మారాయి’ (1955) అంటూ ఒక వరస చెపుతారు. చెప్పవలసిందే. ఆ చిత్రాలలో జమీందారూ, రైతూ, అంటరానితనమూ కంటికెదురుగా కనిపిస్తాయి. వాటి మీద వ్యాసం వ్రాయటానికి విమర్శకుడు పెద్దగా శ్రమపడనక్కర లేదు. నవ్వించే చిత్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘కాలక్షేపం’ అనే ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ మాట అనేవాళ్ళు కూడా ఆ చిత్రాన్ని ఇంట్లో టీవీ ముందు కూర్చుని నాలుగేసి సార్లు చూసినవాళ్ళే.

నేను చెప్పదలచింది వంశీ దర్శకత్వంలో 1991లో వచ్చిన ‘ఏప్రిల్ 1 విడుదల’ గురించి. వంశీ పేరెత్తితే చదువుకున్నవాళ్ళు ‘సితార’ (1984)ను తలుచుకుంటారు, సరదాపడేవాళ్ళు ‘లేడీస్ టైలర్’ (1986)ను తలుచుకుంటారు. ఈ చిత్రాన్ని ప్రాణప్రదంగా చూసుకునేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు నలుగురు ఒకచోట చేరితే అందులో సంభాషణలు ఒకరు మొదలుపెడితే ఇంకొకరు పూర్తిచేస్తారు. అయితే అది ఎందుకంత నచ్చిందని అడిగితే మళ్ళీ నవ్వటమే గాని జవాబు చెప్పరు. ఆ జవాబు కోసమే ఈ ప్రయత్నం.

కథ రాజమండ్రిలో నడుస్తుంది. దివాకరం (రాజేంద్రప్రసాద్) వీడియో వ్యాపారం చేసుకునే కుర్రవాడు. చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. భువనేశ్వరి (శోభన) అనే అమ్మాయి మీద మనసుపడి, ఆమె వచ్చేసరికి సంసారానికి కావలసిన సామానంతా అమర్చి ఉంచాలని అప్పుల మీదా బుకాయింపుల మీదా ఇల్లు నింపుతాడు. ఆమె రైల్వే ఉద్యోగి. ఆ ఊరికే వచ్చి, ఈ మనిషి నోట నిజమనేది పుట్టదని తెలుసుకుంటుంది. చివరికి ఒక షరతు పెడుతుంది: ఏప్రిల్ ఒకటో తారీకు దాకా అబద్ధమాడకుండా ఉంటేనే పెళ్ళి. దివాకరం నిజాలు చెప్పటం మొదలుపెడతాడు. దాంతో చుట్టుపక్కల కొంపలు అంటుకోవటమూ మొదలవుతుంది.

దీన్ని అబద్ధాలకోరు బుద్ధి తెచ్చుకున్న కథగా చెప్పుకోవచ్చు. చాలామంది అల్లాగే చెప్పుకుంటారు. అట్లా చెప్పుకుంటే ఇది మూడో తరగతి వాచకంలో పాఠం అవుతుంది. దాన్ని ముప్ఫయి ఏళ్ళకు పైగా జనం చూడవలసిన పని లేదు. నా దృష్టిలో దివాకరానికి అబద్ధం పెట్టుబడి. ఆస్తి ఉన్నవాడికి బజారులో అప్పు పుడుతుంది. లేనివాడికి ఉన్నట్టు కనబడితేనే పుడుతుంది. ఉన్నట్టు కనబడాలంటే ఇంట్లో సామాను ఉండాలి, సామానుకు మళ్ళీ అప్పు కావాలి. ఈ గానుగలో తిరిగేవాడు పొద్దున ఒకడికి చెప్పినది సాయంత్రం ఇంకొకడికి చెప్పలేడు. ఇల్లు ఉంటేనే పిల్లనిస్తామనేవాళ్ళూ, ఫ్రిజ్జు ఉంటేనే ఇల్లు అనేవాళ్ళూ కలిసి తయారుచేసిన మనిషి అతను. కేంద్రప్రభుత్వం కొత్త ఆర్థికవిధానం ప్రకటించినది కూడా ఆ 1991లోనే. దానికి జవాబుగా ఈ చిత్రం తీశారని నేననను. వాయిదాల మీద సామాను, సామాను మీద పరువు అనే బతుకు తర్వాత మన ఊళ్ళల్లో ఎల్లా విస్తరించిందో చూసినవాళ్ళకు మాత్రం దివాకరం పాతబడడు.

నిరుడు నా తరగతిలో ఒక కుర్రవాడు ముహూర్తాల రోజుల్లో బడి ఎగ్గొడుతుండేవాడు. పెళ్ళిళ్ళలో వడ్డనకు వెళతాడని తోటివాళ్ళకు తెలుసు. నా దగ్గర మాత్రం జ్వరమనేవాడు. ఈ చిత్రం గురించి తరగతిలో మాట వచ్చినప్పుడు అతనే లేచి అన్నాడు: ‘‘నిజం చెప్తే ఆబ్సెంటండీ మేష్టారూ. అబద్ధం చెప్తే మెడికల్ సర్టిఫికెట్టండీ. ఆయ్.’’ తరగతి అంతా నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వులన్నీ సర్దుమణిగాక, రోజుకు ఎంతిస్తారని వెనక బెంచీనుంచి ఎవరో అడిగారు. దానికి అతను జవాబు చెప్పలేదు.

మేము ఉండే యానాంలో ఈ సంగతి ఇంకొక విధంగా కూడా అర్థమవుతుంది. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం బ్రిటిషిండియాలో అమలుకు వచ్చినది 1930 ఏప్రిల్ 1న. (తారీకు కలవటం కాకతాళీయమే.) ఆ చట్టం ఫ్రెంచివాళ్ళ యానాంలో చెల్లలేదు. అంచేత చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు పిల్లలను ఇక్కడికి తెచ్చి పెళ్ళిళ్ళు చేసుకుని పోయారు. మా ఊరికి కళ్యాణపురమని పేరు కూడా వచ్చింది. పొలిమేరకు అవతల నేరమైనది ఇవతల శుభకార్యం. వచ్చినవాళ్ళు పరువుగల సంసారులు. వాళ్ళను మోసగాళ్ళని ఎవరూ అనలేదు. చట్టాన్ని దాటటానికి వాళ్ళు బండి కట్టించుకోగలరు. దివాకరానికి ఉన్నది నాలుక ఒక్కటే.

తెలుగు సాహిత్యం చదివినవాడికి ఈ మనిషి ఎవరో వెంటనే తెలిసిపోతుంది. గిరీశం కూడా పూటకూళ్ళమ్మ సొమ్ము వాడుకుని, బాకీలు తప్పించుకునేందుకే విజయనగరంనుంచి బయటపడతాడు. అతని వాక్చాతుర్యం కూడా చేతిలో డబ్బు లేనివాడి పెట్టుబడే. అయితే గురజాడ గిరీశం చేత ఒక్కరోజు కూడా నిజం చెప్పించలేదు. అతని బండారం మధురవాణి బయటపెడుతుంది, అతను జారుకుంటాడు, నాటకం ముగుస్తుంది. ఈ చిత్రం అక్కడినుంచి మొదలవుతుంది. గిరీశాన్ని పోనివ్వకుండా అదే ఊళ్ళో అదే బాకీదార్ల మధ్య కట్టేసి, ఇప్పుడు నిజం చెప్పమంటే ఏమవుతుంది? ఇది మంచి ప్రశ్న. నేను కన్యాశుల్కం పాఠం చెప్పేటప్పుడు దీన్ని వాడుకుంటున్నాను.

ఇంకొక పోలిక కూడా ఉన్నది. ఇక్కడ పెళ్ళికి వెల కట్టినది ఆడపిల్ల. తండ్రి అమ్మటం, ముసలివాడు కొనటం కాదు. జీతం తెచ్చుకునే ఆడపిల్ల తనంతట తాను బేరం పెట్టింది. ఆమె అడిగిన శుల్కం సొమ్ము కాదు, నగ కాదు, నిజం. అప్పటి మన సినిమాల్లో కథానాయికకు పాటలు తప్ప పని ఉండటమే అరుదు. భువనేశ్వరి ఉద్యోగం చేస్తుంది, కోపం తెచ్చుకుంటుంది, షరతు పెడుతుంది, గడువు కూడా తానే చెపుతుంది. అంతటితో ఇది స్త్రీల పక్షం వహించిన చిత్రమని అనటానికి లేదు. కొన్ని చోట్ల ఆడవాళ్ళను గేలిచేసి నవ్వించారు. ఆ నవ్వు చౌకరకం.

ఈ చిత్రానికి ఆధారమైన నవల పేరు ‘హరిశ్చంద్రుడు అబద్ధమాడితే’. కోనసీమలోనూ గోదావరికి ఇవతలా హరిశ్చంద్ర నాటకం చూడని తరం లేదు. కాటిసీను పద్యాల కోసం తెల్లవార్లూ కూర్చున్నవాళ్ళు మా ఇళ్ళల్లో ఉన్నారు. ఆ కథలో సత్యానికి ఖరీదు రాజ్యం, భార్య, బిడ్డ. ఇంతా పోగొట్టుకున్నవాడికి దేవతలు దిగివచ్చి అన్నీ తిరిగి ఇస్తారు. కోల్పోవటానికి రాజ్యం ఉన్నవాడి సత్యవ్రతం అది. దివాకరం పోగొట్టుకోగలిగినది అప్పు తెచ్చిన సామానూ, ఇరుగుపొరుగు మంచితనమూ. వాటిని తిరిగి ఇవ్వటానికి ఏ విశ్వామిత్రుడూ రాడు. ఈ తేడాను వంశీ ఎక్కడా ఉపన్యాసంగా చెప్పించలేదు. రాజేంద్రప్రసాద్ ముఖంలో చూపించాడు. నిజం చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఆ ముఖం పన్ను పీకించుకునేవాడి ముఖంలాగా అవుతుంది. చెప్పేశాక మాత్రం ఒక వింత తేట వస్తుంది. అది ఎంతోసేపు ఉండదు, ఎందుకంటే విన్నవాడు అప్పటికే కర్ర వెతుక్కుంటూ ఉంటాడు.

చిత్రంలో అసలు పట్టు ఇక్కడే ఉన్నది. దివాకరం అబద్ధాలాడినంతకాలం అందరికీ అవసరమైన మనిషి. అతన్ని తిడుతూనే అందరూ అతనితో పనులు చేయించుకుంటారు. నిజం చెప్పటం మొదలుపెట్టగానే అందరికీ శత్రువవుతాడు. భార్యాభర్తల మధ్య సఖ్యత, ఇరుగుపొరుగు స్నేహం, పెద్దమనుషుల పెద్దరికం – అన్నీ ఎవరో ఒకరు నోరు మూసుకోవటం మీదే నిలబడి ఉన్నాయి. నోరు మూసుకునే ఆ పని ఊళ్ళో అందరికంటె తక్కువవాడికి అప్పగించారు. అబద్ధాలకోరు మారాలని వాళ్ళంతా మొదట్లో అనేవాళ్ళే. మారినప్పుడు మొట్టమొదట గగ్గోలు పెట్టినదీ వాళ్ళే.

హాస్యం తీసిన తీరు గురించి కూడా చెప్పాలి. వంశీ పుట్టినది పసలపూడి. మా యానాంనుంచి ద్రాక్షారామం మీదుగా పోతే ఆ కాలువగట్టు ఊళ్ళు వస్తాయి. ఆ ఊళ్ళల్లో నలుగురు కలిస్తే ఒకడు మాట్లాడటం, ముగ్గురు వినటం ఉండదు, అయిదుగురు మాట్లాడతారు. ఈ చిత్రంలోనూ అంతే. గదినిండా మనుషులు, ఒకరి మాట మీద ఒకరి మాట, గొడవ ముదిరేకొద్దీ గుమ్మంలో ఇంకొకడు. మల్లికార్జునరావు, కృష్ణభగవాన్ వంటి నటులకు ఇక్కడ దొరికినది హాస్యగాళ్ళ వేషం కాదు, మనుషుల వేషం. మన సినిమాలలో చాలాకాలం హాస్యాన్ని పక్క వాటాలో కాపురం పెట్టారు. కథానాయకుడు ఏడుస్తుంటే వేరే గదిలో ఇద్దరు నవ్విస్తుంటారు. ఇక్కడ నవ్వూ దుఃఖమూ ఒకే మనిషికి వచ్చాయి. ఇళయరాజా పాటల గురించి అందరూ చెపుతారు గనక నేను చెప్పను.

లోపం లేదా అంటే ఉన్నది, చిన్నది కాదు. రాజమండ్రిలో నిజం చెప్పి నవ్వించటం కొత్త సంగతేమీ కాదు. వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పెట్టి ఆ ఊళ్ళోనే లంచగొండుల గుట్టు విప్పాడు. ‘వ్యవహారధర్మబోధిని’ వ్రాసి ప్లీడర్లనూ, ‘బ్రహ్మవివాహం’ వ్రాసి పసిపిల్లలను కొనుక్కునే ముసలి వరుళ్ళనూ నవ్వులపాలు చేశాడు. ఆ నిజం పైకి పోయింది. కోర్టుకూ, కచ్చేరీకీ, పంతుళ్ళ చావడికీ తగిలింది. దివాకరం నిజాలు చాలావరకు పక్క వాటాకు పోతాయి. అద్దె ఇంట్లో ఉండేవాడి గుట్టు ఇంకొక అద్దె ఇంటివాడికి తెలుస్తుంది. ఇల్లిచ్చినవాడూ, అప్పిచ్చినవాడూ ఏం దాచుకున్నారో తెలుసుకోవాలని చిత్రం అంతగా ఆసక్తి చూపదు. మధ్యతరగతి తనలో తాను పోట్లాడుకుంటుంది, చూసే మధ్యతరగతి కడుపుబ్బ నవ్వుతుంది. ఈ నవ్వు పైకి ఎక్కి ఉంటే ఇది మన ప్రహసనాల వరసలో మరింత పెద్ద పీట మీద కూర్చునేది. ఎక్కనందుకు దాన్ని అవతల పారెయ్యాలని నేను ఒప్పుకోను. పక్క వాటా కూడా ప్రపంచంలోదే. మనలో చాలామంది కాపురముండేది అక్కడే.

తరగతిలో చివరికి వాదం పేరు మీద సాగింది. ‘విడుదల’ అంటే సినిమా విడుదల అని కొందరూ, జైలునుంచి విడుదల అని కొందరూ అన్నారు. ఎవరికి విడుదల అన్నదాని మీద అర్ధగంట గడిచింది. ఒక అమ్మాయి మాత్రం, ఏప్రిల్ రెండో తారీకున దివాకరం అప్పులవాళ్ళకు ఏం చెపుతాడని అడిగింది. వడ్డనకు వెళ్ళే కుర్రవాడు, పెళ్ళయినవాడికి అప్పు సులువుగా పుడుతుందండీ అన్నాడు. గంట కొట్టారు.