కోడలి ఇంటిపేరు

మా అబ్బాయి వియత్నాం అమ్మాయిని చేసుకుంటున్నాడనగానే చుట్టాలంతా తిండి సంగతే అడిగారు. అన్నం తినే పిల్లేనండీ, ఆ బెంగ నాకు లేదు. నా బెంగంతా కాగితాల మీదే.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. ఈలోగా ఆ పిల్ల వీసా గడువు చూసుకోవాలి. పెళ్ళి కాలేదని వాళ్ళ ఊరి ప్రజా కమిటీ ఇచ్చిన పత్రం ఆరు నెలలే చెల్లుతుంది. దానికి అనువాదం, ముద్రలు! ముహూర్తం కన్నా ఈ తేదీలే ఎక్కువ లెక్కపెట్టాను.

అసలు చిక్కు పేరు దగ్గర వచ్చింది. వాళ్ళకీ మనలాగే ఇంటిపేరు ముందు. న్గుయెన్ అంటే ఇంటిపేరన్నమాట. దరఖాస్తులో అది చివరికి పోయింది, పాస్‌పోర్టులో ముందుంది. “ఇద్దరు మనుషులా అమ్మా?” అన్నాడు గుమాస్తా. మా ఇంట్లోవాళ్ళ ఆధార్లు చూపించి, మా ఇంటిపేర్లు ఎన్ని చోట్ల తిరిగాయో చెబితే నవ్వి, సవరణకి ఒప్పుకున్నాడు.

“పెళ్ళయ్యాక మన ఇంటిపేరు పెట్టేస్తే పోలా, వదినా?” అంది ఆడపడుచు. వాళ్ళ దేశంలో పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. మారిస్తే పాస్‌పోర్టు నుంచి అన్నీ మళ్ళీ మొదలు. నాదైతే ఎవరూ అడక్కుండానే మార్చేశారు. ఈ పిల్లది మార్చొద్దని గట్టిగానే చెప్పాను. శుభలేఖలోనూ అలాగే వేయించాం.

పెళ్ళి నమోదై రెండేళ్ళు నిండితేగానీ ఓసీఐ కార్డుకి దరఖాస్తు పెట్టలేం. అందాకా ఎంట్రీ వీసానే. ఫైలు బీరువాలో, పట్టుచీరల పక్కనే ఉంది.