లంబసింగి మంచులో తలుపు తీయని కారు

తెల్లవారుజామున నాలుగున్నర. లంబసింగిలో నా కారు ముందు నిలబడి కీ మీద బటన్ నొక్కుతున్నాను. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. లైట్లు వెలగవు. 'టిక్' మన్న శబ్దం లేదు. వెనకాల టీకొట్టు బల్ల మీద అమ్మ కూర్చుని ఉంది. ఆవిడ ఊపిరిలో పిల్లికూతలు నాకు వినిపిస్తున్నాయి. ఇన్‌హేలరేమో కారు డ్యాష్‌బోర్డు అరలో ఉంది.

లంబసింగి గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. డిసెంబర్ వస్తే చాలు, అందరి ఫోన్లలో ఆ మంచు రీల్సే. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉన్న చిన్న ఊరు. దీనికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారట. ఆ పొద్దున నాకు అందులో అతిశయోక్తి ఏమీ కనిపించలేదు.

ముందురోజు మధ్యాహ్నం నేను, అమ్మ, చెల్లి విశాఖలో బయల్దేరాం. అనకాపల్లి దాటాక తాళ్లపాలెం జంక్షన్ దగ్గర హైవే వదిలేసి నర్సీపట్నం చేరాం. అక్కడి నుంచి కొండ దారి. మలుపు మలుపుకీ గాలి చల్లబడుతుంటే చెల్లి అద్దం దించి చెయ్యి బయట పెట్టేది, అమ్మ తిట్టి మళ్లీ ఎత్తించేది. చీకటి పడేసరికి గది తీసుకుని, కారుని రోడ్డవతల ఖాళీ స్థలంలో పెట్టాం.

నా తెలివితేటలు అక్కడే మొదలయ్యాయి. చలిమంట వేసుకుని, ఇంజిన్ ఆపేసి, కారులో రెండు గంటలు పాటలు పెట్టాం. లోపల పైలైటు ఆన్‌లోనే వదిలేసి తాళం వేసేశాను. డ్యాష్‌క్యామ్ కూడా రాత్రంతా పనిచేస్తూనే ఉంది. బ్యాటరీ నాలుగేళ్ల పాతది. చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగించి, అసలే తక్కువున్న శక్తి ఇంకా తగ్గిపోతుంది. ఇవన్నీ కలిసి తెల్లారేసరికి దాని ప్రాణం తీసేశాయి.

రాత్రి అమ్మకి ఏ ఇబ్బందీ లేదు. మబ్బుల మీద సూర్యోదయం చూడటానికి చెరువులవేనం వెళ్దామని నాలుగింటికి లేచాం. బయటికి రాగానే చల్లగాలి కొట్టింది, ఆయాసం మొదలైంది. "ఏం ఫర్లేదురా, అదే తగ్గుతుంది" అంటోంది గానీ, ఆ నాలుగు మాటలకి మధ్యలో మూడుసార్లు ఆగింది.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, మెకానిక్ రావడానికి కనీసం రెండు గంటలు పడుతుందన్నారు. మందుల షాపు తెరిచే వేళ కాదు. పక్కనే ఓ రాయి కనిపించింది. తీసుకుని వెనక అద్దం వైపు నడిచాను.

"ఏటి బాబూ, కారు మీదేనా?"

టూరిస్టుల్ని చెరువులవేనం తీసుకెళ్లే జీపు డ్రైవర్. మఫ్లర్‌లోంచి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నాదేనండీ."

"మరి అద్దం పగలగొట్టడం దేనికి? కీ ఇలా ఇవ్వండి."

బటన్ నొక్కాడు. కీ మీద చిన్న ఎర్రలైటు వెలిగింది. "ఇది బానే ఉంది. పోయింది కారు బ్యాటరీ" అన్నాడు. తర్వాత కీ పక్కనున్న చిన్న మీటని గోటితో జరిపాడు. లోపలి నుంచి సన్నటి ఇనుప తాళంచెవి బయటికొచ్చింది! రెండేళ్లుగా అది నా జేబులోనే ఉంది. నేనెప్పుడూ చూళ్లేదు.

"సరే, మరి దీన్ని ఎక్కడ పెట్టాలి? తలుపుకి కన్నమే లేదు కదా?" అన్నాను. ఆయన మాట్లాడకుండా డ్రైవర్ తలుపు హ్యాండిల్ కింద వేలితో తడిమాడు. హ్యాండిల్ చివర ప్లాస్టిక్ మూత, దాని అడుగున సన్నటి చీలిక. తాళంచెవి మొన అందులో పెట్టి మెల్లగా ఎత్తితే మూత ఊడింది. వెనక తాళంకన్నం! ఎన్నడూ వాడనిది కాబట్టి మొదట తిరగలేదు. అటూ ఇటూ రెండుసార్లు మెల్లగా ఆడించాక 'టక్' మంది.

ఆ శబ్దం ఎంత బాగుందో చెప్పలేను.

అమ్మ ఒక పఫ్ పీల్చింది. కాసేపాగి ఇంకోటి. పది నిమిషాలకి పిల్లికూతలు తగ్గాయి. పావుగంటకి "చక్కెర తక్కువేసి టీ ఇవ్వు నాయనా" అంది. చెల్లి అప్పుడు ఏడ్చింది.

శాలువాలు డిక్కీలో ఉన్నాయి. మా కారు డిక్కీ కరెంటు మీద తెరుచుకునే రకం, కాబట్టి అది కదల్లేదు. చెల్లి వెనక సీటు మడిచి లోపలికి పాకి వాటిని లాగింది. బానెట్ మాత్రం స్టీరింగ్ కింద మీట లాగితే తీగతో తెరుచుకుంది. దానికి బ్యాటరీతో పనిలేదు.

జీపుని మా కారు ముందుకి తెచ్చి, డ్రైవర్ జంపర్ కేబుల్ తీశాడు. ఎర్ర కేబుల్ ముందు మా బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస జీపు ప్లస్‌కి. నల్లది జీపు మైనస్‌కి, దాని రెండో కొస మా ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి. బ్యాటరీ మైనస్‌కి ఎందుకు పెట్టలేదని అడిగితే, "నిప్పురవ్వ వస్తే బ్యాటరీ దగ్గర రాకూడదు బాబూ, అందులోంచి గ్యాస్ వస్తాది" అన్నాడు. కరెంటు తగలగానే మా కారు హారన్ మొదలెట్టింది. కీతో కాకుండా ఇనుప తాళంచెవితో తీశాం కదా, దొంగ పడ్డాడనుకుంది. ఊళ్లో కుక్కలన్నీ అందుకున్నాయి. నేను కంగారుగా అన్‌లాక్ బటన్ నొక్కితే ఆగింది. జీపు ఐదు నిమిషాలు నడిచాక మా ఇంజిన్ అందుకుంది. కేబుళ్లు పెట్టిన వరుసకి తలకిందులుగా తీశాడు.

ఇంజిన్ ఆపకూడదన్నాడు కాబట్టి, అలాగే చింతపల్లి వైపు బయల్దేరాం. సుమారు 20 కిలోమీటర్లు. పొగమంచులోంచి కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం తొలిసారి దాడి చేసిన పోలీస్ స్టేషన్ ఉన్న ఊరు చింతపల్లే. బ్యాటరీ షాపు తెరిచేదాకా అక్కడే ఉండి కొత్తది వేయించాం.

మీదీ బటన్ కీ ఉన్న కారైతే ఇవాళే ఒక పని చేయండి. ఇంటి ముందే ఆ తాళంచెవి బయటికి తీసి, తలుపు మీద కన్నం వెతికి, ఒకసారి చేత్తో తెరిచి చూడండి. కీలోని చిన్న బటన్ సెల్ అయిపోయినా ఇదే దారి. అప్పుడు చాలా కార్లలో కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీని కొండ ఎక్కేముందు చూపించండి. మందులు మాత్రం కారులో కాదు, మనిషి దగ్గరే ఉండాలి.

మర్నాడు ఆయన జీపులోనే చెరువులవేనం ఎక్కాం. లోయ నిండా తెల్లటి మబ్బులు, వాటి మీద ఎర్రగా సూర్యుడు. చెల్లి రీల్ తీస్తోంది. అమ్మ ఇన్‌హేలర్‌ని కొంగున ముడేసుకుంది. కాసేపు చూసి చెయ్యి చాపింది.

"ఆ ఇనుప తాళం కూడా ఇలా ఇయ్యి. నీ దగ్గర వద్దు."