సాల్వెన్సీ

మాది తెలకపల్లి. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. జిల్లా మారింది గానీ మా మాదిగవాడకు పడ్డ పేరు మారలే: పాలమూరు లేబర్. 1955లో నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసిండు. మిగతా రాళ్లు మోసినోళ్లల్ల మా తాత ఒకడు. శ్రీశైలం డ్యాముకు మా నాయిన పోయిండు. గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్ననాడే మనిషి అమ్ముడువోయినట్టు.

నేను తట్ట మోసి, తాపీ పట్టి, మేస్త్రీనయిన. 18 ఏండ్లు బడి గదులు, కల్వర్టులు కట్టిన. కాంట్రాక్టరు లైసెన్సుకు పోతే అనుభవ పత్రమేదన్నరు. పని నాది, ఎం బుక్కుల ఎక్కిన పేరు పటేల్ది. కాగితం ప్రకారం నేను ఒక్క ఇటుక గూడ పెట్టలే. అందుకే అన్నిటికన్న కింది తరగతికి దరఖాస్తు పెట్టుకున్న.

దానికీ సాల్వెన్సీ కావాలన్నరు. నష్టమొస్తే కట్టగల ఆస్తి ఉన్నదని తహశీల్దారో, బ్యాంకో రాసిచ్చే కాగితమది. సర్కారు మా నాయినకిచ్చిన అసైన్డు భూమి చూపెట్టిన. 1977 చట్టం ప్రకారం అది అమ్మరాని భూమి, లెక్కకు రాదన్నరు. మాకు భూమి ఇచ్చిందీ సర్కారే, అది ఆస్తి కాదన్నదీ సర్కారే! 7 నెలలు తిరిగిన. ఆఖరికి బర్రెను, నా పెండ్లాం పుస్తెలతాడును అమ్మి బ్యాంకుల డిపాజిట్ వేస్తే కాగితం చేతికొచ్చింది.

1942లో వైస్రాయికిచ్చిన వినతిపత్రంలో బాబాసాహెబ్ ఈ లెక్కే తీసిండు. కేంద్ర పబ్లిక్ వర్క్స్ శాఖల వెయ్యిమందికి పైగా కాంట్రాక్టర్లుంటే అందుల మనోడు ఒక్కడే. ఉద్యోగాల్లోనే కాదు, కాంట్రాక్టుల్లో గూడ వాటా కావాలని ఆనాడే అడిగిండు.

లైసెన్సు వచ్చిన మూడోనాడే ఒక పెద్ద కాంట్రాక్టరు పిలిచిండు. "అరే, ఎస్సీ కోటా పని నీ పేరు మీద ఎత్తుదాం. పెట్టుబడి నాది. సంతకం పెట్టు, నూటికి రెండు తీస్కో" అన్నడు.

"నిన్నటిదాంక పని నాది, పేరు నీది. ఇయ్యాల పేరు నాది, పని నీదా పటేలా?" అన్న.

ఆ ఏడాది నాకు మిక్సరు కిరాయికి దొరకలే, సిమెంటు ఉద్దెర పుట్టలే. మిత్తికి తెచ్చి, సీసీ రోడ్డు ముక్క ఒకటి వేసిన. బిల్లు వచ్చేసరికి లాభం మిత్తికే పోయింది. అయినా ఎం బుక్కుల నా పేరున్నది.

కోటా ఇచ్చి సాల్వెన్సీ అడుగుడంటే తలుపు తెరిచి గడప మీద గోడ కట్టుడే. పెట్టుబడి లేని కోటా బినామీలకే పంట. సదువుకుంటున్న తమ్ముల్లారా, చెల్లెల్లారా! 2005 నుంచి సమాచార హక్కు చట్టమున్నది. మీ మండలంల కోటా పనులెన్ని, ఎవరి పేరు మీద పోయినయో కాగితం తీయుండ్రి. ఆ కాగితం పట్టుకొని పని జాగకు పోయి, కూలి ఎవరిస్తున్నరో అడుగుండ్రి.