మోతె దగ్గర ఒక పూట

పాత కారు ఉన్నవాడికి వీధిలో మర్యాద ఎక్కువ, ఇంట్లో మనశ్శాంతి తక్కువ. మా నాన్నగారు 1978లో కొన్న అంబాసిడర్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది గాని, మా అమ్మకు దానిమీద ఉన్న అభిమానం మాత్రం ఆగలేదు. ఆమె లెక్కలో "మన కారు" అంటే అదే. మా ఆవిడ నడిపే చిన్న కారు వట్టి "ఆ బండి"!

కార్తీక మాసంలో ఖమ్మంలో మా పిన్నిగారింట గృహప్రవేశం తగిలింది. "మన కారులోనే వెళ్దాం" అన్నది అమ్మ. తెల్లవారుజామునే హైదరాబాదు నుంచి బయలుదేరాము. అమ్మ, మా ఆవిడ, పిల్లలిద్దరూ, నేనూ. డిక్కీలో ఒక పంచలోహపు దీపపు సెమ్మె, రెండు గంపల పండ్లు.

సూర్యాపేట ఇంకా రాకముందే పిల్లలమర్రికి తిరిగాము. కార్తీకంలో శివుణ్ణి చూడకుండా ముందుకు పోవడానికి అమ్మ ఒప్పుకోదు. చూడవలసిన చోటే అది. కాకతీయ గణపతిదేవుని కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్ళు. నామేశ్వరాలయం 1202 నాటిది. ఎరకేశ్వరాలయాన్ని 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టించింది. నల్లరాతి స్తంభాలు అద్దాల్లా నునుపు దేరి ఉన్నాయి. మా అమ్మాయి వాటిలో మొహం చూసుకుని జడ సవరించుకున్నది.

అసలు కథ అక్కడే మొదలయింది. గుడి ముందు కారు ఆపుతుంటే బ్రేకు పెడల్ కాలికింద కొంచెం మెత్తగా తగిలింది. రెండోసారి తొక్కితే గట్టిపడింది.

"ఏమిటో బ్రేకు మెత్తగా ఉంది" అన్నాను.

"సూర్యాపేటలో ఎవరికైనా చూపిద్దామండీ" అన్నది మా ఆవిడ.

"ముహూర్తం దాటిపోతుంది. ఖమ్మంలో చూపిద్దాంలే" అన్నాను. పాఠకులారా, ఈ "లే" అనే చిన్న అక్షరం ఉన్నదే, చాలా ప్రమాదాలకు అదే ప్రారంభం.

సూర్యాపేటలో ఇడ్లీ తిని బయలుదేరాము. అక్కడ దారి చీలుతుంది. నేరుగా పోతే మునగాల, కోదాడ మీదుగా విజయవాడ. ఎడమకు తిరిగితే మోతె మీదుగా ఖమ్మం. రోడ్డు నాలుగు వరుసలుగా విశాలంగా ఉంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత ఈ చుట్టుపక్కల ఎన్నో చేలకు పచ్చదనం వచ్చింది. ఎడమ కాలువ ఇటుగానే పాలేరు జలాశయానికి చేరుతుంది. కోతల రోజులు గనుక ఎక్కడ చూసినా వరి మోపులు, యంత్రాలు, రోడ్డు పక్కన ఆరబోసిన వడ్లు. "రోడ్లమీద ఈ వడ్లేమిటి?" అని నేను దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను.

మోతె దగ్గర పిల్లవాడు మంచినీళ్ళన్నాడు. పెద్ద రోడ్డు విడిచి ఊరివైపు తిరిగాను. అక్కడ ఘాట్ లేదు, లోయ లేదు. కొద్దిపాటి పల్లం, అంతే. ముందు గొర్రెల మంద అడ్డంగా పోతున్నది. వెనుక పదేళ్ళ కుర్రవాడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. బ్రేకు తొక్కాను. పెడల్ నేలకు ఆనింది. బండి ఆగలేదు.

గుండె ఆగినంత పనయింది. అరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. నా వేగం అప్పటికి నలభైకి దిగింది. అంటే సెకనుకు 11 మీటర్లు. గొర్రెలు నాలుగైదు సెకన్ల దూరంలో ఉన్నాయి.

ఆ క్షణంలో నాన్నగారి మాట గుర్తుకు వచ్చింది. తిరుమల కొండకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదనే ఇప్పుడు బళ్ళు దిగుతాయి. 1974లో వేసిన రెండవదాని మీద ఎక్కుతాయి. ఆ దిగే దారిలో నాకు కారు నేర్పుతూ ఆయన అన్నమాట: "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. బ్రేకు కాలికింద ఒకటే అనుకోకు, గేరులో ఇంకొకటి ఉంది."

హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు. పెడల్‌ను టకటకా నాలుగుసార్లు తొక్కాను. కొంచెం మిగిలిన ఆయిలుంటే ఒక్కొక్కప్పుడు అలా పట్టు దొరుకుతుంది. దొరకలేదు. మూడవ గేరు నుంచి రెండవ గేరుకు మార్చాను. ఇంజను మూలిగింది, బండి వెనక్కు లాగినట్లయింది. పాత అంబాసిడర్‌లో మొదటి గేరు బండి కదులుతుండగా సులువుగా పడదు. దానికోసం కుస్తీ పట్టి న్యూట్రల్‌లో చిక్కుకుంటే ఉన్న పట్టూ పోతుంది. అందుకని రెండులోనే ఉంచి చేతి బ్రేకు అందుకున్నాను. ఒక్కసారిగా లాగితే వెనుక చక్రాలు బిగుసుకుని బండి పక్కకు తిరుగుతుంది. బొత్తాం నొక్కిపట్టి కొంచెం లాగడం, కొంచెం వదలడం, మళ్ళీ లాగడం. తాళం చెవి మాత్రం ముట్టుకోలేదు. ఇంజను ఆపితే కొత్తరకం బళ్ళలో స్టీరింగు కూడా బిగుసుకుపోవచ్చు.

ఎడమ పక్కన మెత్తని మట్టి, దాని చివర వడ్ల రాశి. రాశి దగ్గర నిలబడ్డ ముసలి రైతు హారన్ విని పక్కకు తప్పుకున్నాడు. చక్రాలు మట్టిలోకి దింపాను. బండి కుదుపుతో నెమ్మదించి, వెళ్ళి వెళ్ళి ముందు బంపరును రాశిలో గుచ్చి ఆగింది. గొర్రెల కుర్రవాడు నోరు తెరిచి చూస్తున్నాడు. వాడికీ మాకూ మధ్య పది గజాలు.

రైతు పరుగెత్తుకొచ్చాడు. తిట్లకు సిద్ధపడ్డాను.

"ఏం గాలె గద సారూ? పిల్లలు మంచిగున్నరా?" అని అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు.

"నీ వడ్లు పాడుచేశాను పెద్దాయనా" అన్నాను.

"వడ్లు ఏడికి పోతయ్? ఎత్తుకుందం తీ" అన్నాడు.

డబ్బు తీయబోతే అమ్మ కళ్ళతోనే వారించింది. కొంగు నడుముకు చుట్టి మట్టిలో కూర్చుని వడ్లు ఎత్తడం మొదలుపెట్టింది. ఆమె వెనుక మా ఆవిడ, పిల్లలు, చివరకు నేను. మట్టి కలిసిన వడ్లు వేరుగా తీసి చేటతో చెరిగాము. గంటన్నర పట్టింది. దారి పొడుగునా వడ్ల మీద సణిగిన నోరు ఆ గంటన్నరా లేవలేదు.

ఈలోపున రైతు కొడుకు మోటారు సైకిల్ మీద పోయి మెకానిక్కును వెంటబెట్టుకొచ్చాడు. అతను వెనుక చక్రం విప్పి చూపించాడు. డ్రమ్ము లోపల వీల్ సిలిండర్ రబ్బరు అరిగిపోయి, బ్రేక్ ఆయిలంతా బ్రేకు షూల మీదికి కారిపోయింది. ఆయిలు నింపే డబ్బా ఎండిపోయి ఉంది.

"ఇది ఒక్కనాడు కారింది కాదు సార్. ఎన్నాళ్ళ నుంచో కారుతున్నది. మూత తీసి చూసినారా?" అన్నాడు.

చూడలేదు. నెలకొకసారి పైన పాలిష్ పెట్టాను గాని, ఆ మూత తీయలేదు.

అతను చెప్పిన సంగతి పాత బళ్ళున్న ప్రతివారూ తెలుసుకోదగ్గది. కాలి బ్రేకు నూనె ఒత్తిడితో పనిచేస్తుంది. కొత్త బళ్ళలో ఆ నూనెకు రెండు దారులుంటాయి; ఒకటి కారినా రెండోది సగం బ్రేకు మిగులుస్తుంది. మా కారులాంటి పాతవాటిలో ఒకటే దారి. ఒక చక్రం దగ్గర కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోయినట్లే. చేతి బ్రేకుకు నూనెతో పనిలేదు, తీగతో వెనుక చక్రాలను పట్టుకుంటుంది; మమ్మల్ని కాపాడింది అదే. పైగా ఆ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల వరకు మరగదు. తేమ పట్టినది 140 దగ్గరే మరగవచ్చు. మరిగి ఆవిరైతే పెడల్ మెత్తబడుతుంది. అందుకే రెండేళ్ళకొకసారి మార్చాలి.

కొత్త రబ్బర్లు వేసి, నూనె తుడవని షూలు మార్చి, ఆయిలు పోసి, మా అబ్బాయి చేత పెడల్ తొక్కించి గాలి తీసేసరికి మధ్యాహ్నం దాటింది. గృహప్రవేశం మేము లేకుండానే జరిగిపోయింది. రైతు ఇంట్లో వేడి అన్నం, పప్పు, పచ్చిపులుసు తిన్నాము. బయలుదేరేటప్పుడు అమ్మ డిక్కీ తెరిపించి ఒక గంప పండ్లు ఆ ఇంటి ఇల్లాలికిచ్చింది.

కారు కదిలించబోతుంటే వెనుక నుంచి అడిగింది:

"ఒరే అబ్బాయ్, బ్రేకు మెత్తగా ఉందని నువ్వు పిల్లలమర్రిలోనే అన్నావు కదురా?"

"అన్నానమ్మా."

"కోడలు చూపిద్దామన్నది కూడానూ?"

"అన్నదమ్మా."

ఆ తరువాత ఖమ్మం దాకా ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం మా ఇంట్లో బ్రేక్ ఆయిలు డబ్బా మూత తీసి చూస్తారు. తీసేది నేను, పక్కన నిలబడి చూసేది మా ఆవిడ.