జామాయిల్ లారీ వెనక

పొద్దున ఎనిమిదింటికి కారియర్‌ని పక్క సీట్లో పెట్టి బెల్టు బిగిస్తాను. మొన్నోసారి స్పీడ్‌బ్రేకర్ మీద పప్పుచారంతా ఒలికిపోయింది మరి!

ఏడాదిగా ఇదే నా ఉద్యోగం. మా ఇల్లు పాల్వంచలో, అమ్మ భద్రాచలంలో. పక్షవాతం వచ్చాక మా ఇంటికి రమ్మంటే "గోదారి వదిలి రాను" అంది. రాత్రిళ్లు పిన్ని ఉంటుంది, పగలు నేను. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నది అందుకే.

విసుగు లేదని చెప్పను. సారపాక పేపరు మిల్లుకెళ్లే జామాయిల్ కర్రల లారీ ముందు తగిలిందా, ఇక అంతే. కర్రలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, దాటడానికి నాకు ధైర్యం చాలదు. ముప్పై స్పీడులో దాని వెనకే ఈడుస్తాను. వానాకాలమైతే ఇంకో బెంగ. బియ్యం కడిగే ముందే ఫోన్లో గోదారి నీటిమట్టం చూసుకోవాలి. 43 అడుగులకి మొదటి హెచ్చరిక. 2022 జూలైలో 71 అడుగులు దాటి, వంతెన మీద రాకపోకలే ఆపేశారు. అప్పుడు అమ్మ తన పని తను చేసుకునేది. ఇప్పుడలా అయితే?

కానీ జగన్నాధపురం పెద్దమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని ముందుకెళితే అడవి. శివరాత్రి వెళ్లాక మోదుగులు ఎర్రగా పూస్తాయి. తర్వాత ఇప్పపూల కాలం. చీకటితోనే లేచి పూలేరుకున్న కోయ ఆడవాళ్లు నేను వెళ్లే వేళకి బుట్టలతో ఇళ్లకి మళ్లుతుంటారు. అద్దం దించితే కారంతా తియ్యటి వాసన. "నా సాక్సులేవి?" అని అడిగేవాళ్లుండరు. రేడియో కూడా పెట్టను.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కళ్లు అలవాటుగా ఆకాశం వైపు పోతాయి. చిన్నప్పుడు బస్సులోంచి కేటీపీఎస్ పాత టవర్లు కనిపిస్తే పాల్వంచ వచ్చినట్టే. 2024 ఆగస్టు 5న ఎనిమిదింటినీ పడగొట్టేశారు. అయినా వెతుక్కుంటాను.

పోయిన వారం అన్నయ్య ఫోన్ చేశాడు. "సంక్రాంతి కాగానే అమ్మని హైదరాబాద్ తీసుకెళ్తా. నీకీ తిరుగుడు తప్పుతుంది చెల్లీ" అన్నాడు. మావారు హమ్మయ్య అనుకున్నారు. గోదారి వదలనన్న అమ్మ ఈసారి ఏమీ అనలేదు, కిటికీ వైపు తిరిగి పడుకుంది. నేను "అలాగే అన్నయ్యా" అన్నాను. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అమ్మ కాదు, ఈ రోడ్డు. ఇంట్లో ఎవరితోనైనా అనగలిగే మాటేనా ఇది?

మర్నాడు దారిలో మళ్లీ జామాయిల్ లారీ. డ్రైవరు పక్కకి జరిపి, వెళ్లమ్మా అని చెయ్యి ఊపాడు. రోడ్డు ఖాళీగానే ఉంది. నేను దాటలేదు.